బురదలో వదిలేసిన వైద్యుడు

దెయ్యాలంటే నాకు నమ్మకం లేదు. ఇప్పటికీ లేదు. ఎవరైనా అలాంటి మాటలు మొదలుపెడితే లేచి వెళ్ళిపోయే రకాన్ని. అందుకే ఈ సంగతి ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు. ఇది చెప్పాలంటే ముందు నేను చేసిన పని చెప్పాలి. అది ఇంకో కారణం.

తొంభైల చివర్లో అమలాపురంలో నాకు చిన్న డీటీపీ షాపు ఉండేది. శుభలేఖలు కొట్టేవాణ్ణి. మధ్యాహ్నం పని లేని వేళ నేనూ, మా మేనమామ కొడుకు సూరిబాబూ కంప్యూటర్లో ఒక ఆట ఆడేవాళ్ళం. కత్తులు, మంత్రాలు, రాక్షసులు ఉండే ఇంగ్లీషు ఆట. నలుగురు మనుషుల జట్టును మనమే తయారుచేసుకుని గుహల్లో, అడవుల్లో నడిపించాలి. నా మనిషి కత్తి పట్టిన యోధుడు. సూరిబాబు మనిషి గాయాలు మాన్పే వైద్యుడు. వాడికి తన పేరే పెట్టుకున్నాడు, సూరి అని.

ఇద్దరికీ ఇంగ్లీషు అంతంతమాత్రం. డిక్షనరీ ఒళ్ళో పెట్టుకునే ఆడేవాళ్ళం. దారులన్నీ సూరిబాబు గ్రాఫ్ కాగితాల మీద పెన్సిలుతో గీసేవాడు. రెండేళ్ళు అలా గడిచాయి. తర్వాత ఎన్నో అందమైన ఆటలు చూశాను గానీ, గళ్ళుగళ్ళుగా కనిపించే ఆ అడవిలో ఉన్న భయం, సంతోషం మళ్ళీ దొరకలేదు.

కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు కాబట్టి ప్రతి పోరాటం అయిన వెంటనే సేవ్ చేసేవాళ్ళం. పాతదాని మీదే కొత్తది. ఇక వెనక్కి వెళ్ళడం కుదరదు.

ఇద్దరం కువైట్ వీసా కోసం తిరిగాం. వాడికి వచ్చింది, నాకు రాలేదు. బస్సెక్కే ముందు వాడు అడిగింది ఒక్కటే.

"ఆటలో మనోణ్ణి జాగ్రత్తగా చూడు బావా. నేనొచ్చేదాకా సావనియ్యకు."

"ఆయ్, నువ్వు ముందు బస్సెక్కరా," అన్నాను.

మర్నాడు మధ్యాహ్నం షాపు తలుపు దగ్గరకి వేసి ఆట తెరిచాను. జట్టును చిత్తడి నేలలోకి తీసుకెళ్ళి, ఎప్పుడూ వెనకుండే సూరిని అందరికంటే ముందు నిలబెట్టాను. రెండు బల్లిరాక్షసులు వాణ్ణి కొరికి చంపేశాయి. చచ్చినవాణ్ణి గుడికి మోసుకెళ్తే బతికించవచ్చు. నేను మోయలేదు. వాడి ఉంగరం, చేతికర్ర తీసుకుని, శవాన్ని బురదలో పడేసి సేవ్ చేశాను. అలవాటుగా నొక్కానని చెప్పుకోవచ్చు. కాదు, తెలిసే నొక్కాను. కడుపు చల్లబడినట్టయింది.

వైద్యుడు లేని జట్టు ఎంతో దూరం వెళ్ళదు. ఆ రోజు తర్వాత నేను ఆ ఆట తెరవలేదు.

సూరిబాబు కువైట్ నుంచి ఫోన్ చేసినప్పుడల్లా అడిగేవాడు. "మనోడెలా ఉన్నాడు బావా?"

"కొత్త మంత్రాలు నేర్చేడు," అనేవాణ్ణి.

"ఆడి పని బాగుంది. నేనిక్కడ ఎండలో ఇనుము మోత్తున్నాను, ఆడక్కడ మంత్రాలు నేరుత్తున్నాడు," అని పగలబడి నవ్వేవాడు.

నాలుగేళ్ళకు కిడ్నీలు పాడై అమలాపురం దగ్గరే నగరం అనే ఊళ్ళో ఉన్న వాళ్ళింటికి తిరిగొచ్చాడు. అప్పటికి నేను కొత్త కంప్యూటర్ కొని, పాతదాన్ని మా ఇంట్లో గుడ్డ కప్పి ఉంచాను. చూడ్డానికి వెళ్తే మంచం మీంచి లేవలేకపోయాడు.

"ఒక్కసారి ఆ పాత కంప్యూటర్ తెచ్చి చూపించు బావా. ఆటోలో పట్టేత్తది కదా."

"అది కాలిపోయిందిరా," అన్నాను.

వాడు నవ్వాడు. "అయితే నాకంటే ముందే పోయేడన్నమాట ఎదవ."

అత్త నన్ను గుమ్మం దాకా సాగనంపుతూ, "బాగు చేయించి తేకూడదా అబ్బాయ్, అదే కలవరిస్తన్నాడు," అంది.

"అందులో ఏముందత్తా, నాలుగు బొమ్మలు తప్ప," అన్నాను.

పదకొండు రోజులకు పోయాడు.

పెద్దకర్మ భోజనాలు అయ్యాక ఇంటికొచ్చి, ఆ ఆటను చెరిపేద్దామని పాత కంప్యూటర్ ఆన్ చేశాను. పట్టపగలు. ఇంట్లో ఇంకెవరూ లేరు. చెరిపే ముందు ఒకసారి తెరిచాను.

చిత్తడి నేల. జట్టులో నలుగురూ ఉన్నారు. నాలుగోవాడు సూరి. ప్రాణంతో ఉన్నాడు. చేతికర్ర లేదు, ఉంగరం లేదు. అవి నా యోధుడి సంచిలోనే ఉన్నాయి.

ఎవరో ఆడి ఉంటారనుకుని ఫైలు తేదీ చూశాను. సూరిబాబు బస్సెక్కిన మర్నాటి తేదీ. సమయం మధ్యాహ్నమే. ఆ తర్వాత దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. జరిగింది చెప్పకుండా, ఫైలు దానంతటదే మారుతుందా అని కంప్యూటర్లు బాగుచేసేవాళ్ళను అడిగాను, మారదన్నారు. అదే ఆటను మళ్ళీ సంపాదించి అలాగే చంపి చూశాను. బురదలో వదిలినవాడు ఒక్కసారీ తిరిగి రాలేదు.

ఇది ఎలా జరిగిందో ఈనాటికీ నాకు తెలియదు. నాకు తెలిసిందల్లా ఒక్కటే. ఆ రోజు నేను అబద్ధమాడకుండా దాన్ని తీసుకెళ్ళి వాడి మంచం పక్కన పెట్టి ఉంటే, వాడి మనిషి బతికే కనిపించేవాడు. అత్తకు ఇప్పటికీ ఈ మాట చెప్పలేదు.