లాన్ మీద పసుపు మచ్చలు

ఇది భూగర్భంలో రగిలే అగ్నికీ, ఒంటరి మానవుడికీ మధ్య జరిగిన మహాసంగ్రామ గాథ. అని మొదలుపెడదామనుకున్నాను గానీ, నిజానికి ఇది మహారాష్ట్రలో బొగ్గు గనుల ఊరు చంద్రపూర్‌లో ఒక షాపింగ్ కాంప్లెక్సు ముందున్న గడ్డి సంగతి.

తొంభైల్లో ఢిల్లీ వాళ్ళు దేశం తలుపులు తెరిచారని పేపర్లు రాస్తుంటే, మా ఊళ్ళో షట్టర్లు తెరిచారు. ఎనిమిది దుకాణాలు, ముందొక లాన్. యజమాని మన తెలుగు సేటే. నాగపూర్‌లో ఎక్కడో గడ్డి చూసొచ్చి మనసు పారేసుకున్నాడు. దాన్ని సాకే కాంట్రాక్టు మా కాక తీసుకున్నాడు. అంతకుముందు ఆయన మా నాన్న కిరాణా కొట్లో స్టూలు మీద కూచుని చింతపండు తూచేవాడు. తమ్ముడు ఎప్పటికైనా తిరిగి రాకపోతాడా అని మా నాన్న ఆ స్టూలు ఎవరికీ ఇవ్వలేదు. అది ప్రేమో బెదిరింపో కాకకు ఇప్పటికీ తెలియదు.

జనవరి రాగానే సేట్‌కు ఏడాది ప్లాను రాసివ్వాలి, అదీ మరాఠీలో; ఆయనకు తెలుగు చదవడం రాదు. కాకకు మరాఠీ మాట్లాడడమే వచ్చు, రాయడం రాదు. మరాఠీ బడిలో చదివిన పాపానికి నేను రాశాను. ఎండలు ముదరకముందే ఎరువు, మార్చి నుంచి రెండు పూటలా నీళ్ళు, బొగ్గు దుమ్ము పట్టిన ఆకులు వారానికోసారి కడగడం, వానలకు కొత్త మొక్కలు. అంతా బాగానే ఉంది. మచ్చలే బాగాలేవు.

ఒక్కో దుకాణం ఎదురుగా, కంచె అవతల, పళ్ళెమంత గుండ్రంగా గడ్డి పసుపెక్కి చచ్చిపోయేది. గేటు దగ్గర ఇంకొకటి. ముందు చెప్పుల దుకాణం ఎదుట కనబడింది. తర్వాత మందుల దుకాణం ఎదుట. ఆ తర్వాత బట్టలది. ఎవరో తాపీగా అడుగులేసుకుంటూ వస్తున్నట్టు. ప్రతి అమావాస్య తర్వాత అవి పెద్దవయ్యేవి. ఎరువు వేసినా, నీళ్ళు పెట్టినా వాటికి పట్టేది కాదు.

"కింద గని ఉన్నది బిడ్డా," అన్నాడు చెప్పుల దుకాణం మామ గొంతు తగ్గించి. "బొగ్గు అంటుకున్నది. ఒక్కనాడు కాంప్లెక్సు మొత్తం గుటుక్కున లోపలికి పోతది."

"గట్లయితే దుకాణం ఖాళీ చెయ్ మామా."

"పెండ్లిళ్ళ సీజను గదా. అది అయినంక చూస్త."

మా వైపు ఇలాంటి మాటల్ని ఉత్తినే కొట్టిపారేయలేం. నేల కింద ఏముందో మా ఊళ్ళో ఎవరికీ పూర్తిగా తెలియదు. ఒక పొద్దున చలిలో కాక మోకాళ్ళ మీద కూచుని, మచ్చ మీద అరచెయ్యి ఆనించాడు. చటుక్కున తీసేశాడు.

"వెచ్చగున్నదిరా."

"ఇప్పటిదాక చాయ్ గ్లాసు పట్టుకున్నవ్ కాకా."

అన్నాను గానీ, నేనూ కంచె దాటి లోపలికి పోలేదు.

సేట్ వచ్చి ప్లాను చదివాడు. మచ్చలు చూశాడు. అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది. "ఈ అమావాస్య దాటినంక వస్త. మచ్చలెందుకు అయితున్నయో చెప్పు. చెప్పలేకుంటే కాంట్రాక్టు నాగపూర్ మాలీకి ఇచ్చేస్త. ఏమనుకోకు," అని మెల్లగా వెళ్ళిపోయాడు.

అమావాస్య నాటి సాయంత్రం, దుకాణాలు మూసే వేళకు, ఇద్దరం ఎదుటి చాయ్ కొట్టులో కాపు కాశాం. సగం దేశానికి కరెంటు పంపే ఊరు కాబట్టి మాకు కరెంటు పోయింది. ఆ చీకట్లో సగం దించిన ఒక షట్టరు కిందనుంచి ఒక మనిషి వంగి బయటికొచ్చాడు. చేతిలో చెంబు. దాన్ని షట్టరు ముందు మూడుసార్లు గుండ్రంగా తిప్పాడు. ఏదో గొణిగాడు. కంచె మీంచి వంగి పోశాడు. పక్క షట్టరు కిందనుంచి ఇంకొకడు. ఆ పక్కనుంచి ఇంకొకడు. వరసగా అందరూ, అందరి చేతుల్లో చెంబులు. అందరూ రోజూ మాతో చాయ్ తాగేవాళ్ళే.

కాక పరుగెత్తాడు. "ఏం పోస్తున్నవ్ బావా?"

"దిష్టి నీళ్ళు," అన్నాడు చెప్పుల దుకాణం మామ, దొరికిపోయిన జాడే లేకుండా. "దొడ్డుప్పు, పసుపు, సున్నం."

"నా గడ్డి మీదనా!"

"దిష్టి నీళ్ళు ఎవ్వరు తొక్కని జాగల పొయ్యాలె గదా. ఈడ ఎవ్వరు తొక్కని జాగ ఇదొక్కటే. తొక్కొద్దని బోర్డు పెట్టింది నువ్వే."

"మరి గడ్డి చస్తున్నది కనబడ్తలేదా?"

"కనబడ్తున్నది. గందుకే భయమై ఇంకో పిడికెడు ఉప్పు ఎక్కువేస్తున్నం."

మర్నాడు కాక సేట్‌కు అంతా చెప్పాడు. సేట్ గేటు దగ్గరి మచ్చ వైపు చూశాడు.

"గేటు కాడిది నాదే," అన్నాడు.

కాంట్రాక్టు నిలిచింది. సేట్ అక్కడే కూచోబెట్టి ప్లాన్లో ఒక ముక్క కలిపించాడు. దిష్టి నీళ్ళకు కాంప్లెక్సు వెనక, మోరీ కాలువ పక్కన, సిమెంటు తొట్టి. ఉప్పు దిగిన మట్టి మామూలుగా నీళ్ళు పెడితే బాగుపడదు. జానెడు లోతు తవ్వి మార్చాలి. ఒక ట్రాక్టరు మట్టి సరిపోయింది.