రౌటర్ లిఫ్టు, రెండు స్కేళ్లు

నాలుగేళ్లపాటు ఆ యంత్రాన్ని నేను కింది నుంచే చూశాను.

మా ఆయన ఉక్కు ఫ్యాక్టరీ ప్యాటర్న్ షాపులో పనిచేసి రిటైరయ్యారు. కరిగిన ఉక్కుతో ఏ వస్తువు పోతపోయాలన్నా ముందు దాని నమూనా చెక్కతో చెయ్యాలి. ఆ నమూనాలు చేసే చోటు అది. రిటైరయ్యాక సెక్టర్ 6లో మా క్వార్టరు వెనక రేకుల షెడ్డు వేసుకుని ఇరుగుపొరుగుకి బీరువాలు, కిటికీ రెక్కలు చేసిపెట్టేవారు. ఆ షెడ్డులో రౌటర్ బల్ల ఉంది. రౌటర్ అంటే గిర్రున తిరిగే మోటారు, దాని కొసన పదునైన బిట్టు. మోటారుని బల్ల కింద తలకిందులుగా బిగిస్తారు. బల్లకున్న కన్నంలోంచి బిట్టు మాత్రం పైకి తొంగిచూస్తుంది. చెక్కని దాని మీదుగా తోస్తే గాడి పడుతుంది. బిట్టు ఎంత పైకి వస్తే గాడి అంత లోతు.

ఆ ఎత్తు మార్చాలంటే బల్ల కిందికి దూరి మోటారుని చేత్తో తిప్పాలి. మా ఆయన వెన్నుకి ఆపరేషన్ అయింది, వంగకూడదు. అందుకని ఆ పని నాది. ప్లగ్గు పీకేసి, తలకి పాత తువ్వాలు చుట్టుకుని, పీట వేసుకుని బల్ల కింద కూర్చునేదాన్ని. పైనుంచి ఆయన మాట వినిపించేది.

"పైకి... ఇంకొంచెం... సాలు. సాలన్నానా, ఎక్కువైపోనాది. దించు."

"ఎంత దించమంటారు?"

"నువ్వుగింజంత."

"పడుకున్న నువ్వుగింజా, నిలబడ్డదా?"

పైన బిట్టు ఎలా లేస్తుందో నాకు తెలియదు. నేను నడుం పట్టుకుని బయటికి వచ్చేసరికి ఆయన చెక్క తోస్తూ ఉండేవారు, బిట్టు దాని కింద దాగిపోయి ఉండేది.

మొన్న వానాకాలంలో నా మోకాళ్లు మొరాయించాయి. నేల మీద, పీట మీద కూర్చోవద్దని డాక్టరమ్మ ఖరాఖండిగా చెప్పింది. ఆయన వంగలేరు, నేను కూర్చోలేను. మా చదువుల గదికి చేస్తున్న పుస్తకాల బీరువా సగంలో ఆగిపోయింది. యాభై దాటాక నేను అక్షరాలు దిద్దిన గది అది. మధ్యాహ్నాలు ఆడవాళ్లం పదిమందిమి అక్కడ చేరతాం. మా పుస్తకాలు ఇప్పటికీ అట్టపెట్టెల్లోనే ఉన్నాయి. కానీ నా బెంగ బీరువా గురించి కాదు. బల్ల ఆగిపోయిన వారం నుంచీ ఆయన షెడ్డు తాళం తియ్యడం మానేశారు. పొద్దున్న టీ తాగి టీవీ ముందు కూర్చుంటే, పిలిచేదాకా లేచేవారు కాదు. ఏ ఛానల్ వస్తోందో కూడా చూసేవారు కాదు. ఆ కూర్చోవడం చూసి నాకు భయం వేసింది.

"మరి దీనికి దారేటీ లేదా?" అని అడిగాను ఒకరోజు.

"రౌటర్ లిఫ్టని ఒకటుంటాది. పైనుంచి హ్యాండిల్ పెట్టి తిప్పితే మోటారు అదే పైకొస్తాది. కిందికి దూరక్కర్లేదు."

"మరి నాలుగేళ్లు నన్నెందుకు దూర్చేరు?"

"నువ్వుండగా లిఫ్టెందుకనుకున్నాను."

మర్నాడే స్కూటరు మీద ఊరి చివరి ఫ్యాక్టరీల పేట హథ్‌ఖోజ్ వెళ్లాం. అక్కడ మెషీన్ల దుకాణం నడిపేది మాకెరికైన విజయనగరం వాళ్ల కూతురు. ఈ హిందీ ఊళ్లోనే పుట్టి పెరిగిన పిల్ల, తెలుగులో మొదలుపెట్టి హిందీలోకి జారిపోతుంది. నాకు స్టూలు వేసి, బల్ల మీద రెండు లిఫ్టులు పెట్టింది.

ఒకదానికి గుండ్రటి కడియంలాంటి పట్టు ఉంది. మోటారుని అందులోకి దూర్చి బిగించాలి. రెండోదానికి కడియం లేదు, నాలుగు వైపులా నాలుగు దవడలు. మోటారు లావుదైనా సన్నదైనా అవి దగ్గరికి జరిగి పట్టుకుంటాయి. నేను రెండింటి హ్యాండిళ్లూ మార్చి మార్చి తిప్పాను. కడియం ఉన్నది తిప్పిన వెంటనే కదులుతోంది. దవడలది వెనక్కి తిప్పినప్పుడు మాత్రం కాస్త ఖాళీగా తిరిగి, అప్పుడు దిగుతోంది. ఎందుకలాగని అడిగాను.

"స్క్రూలో కొంచెం ఢీలా ఉంటుంది ఆంటీ. మీరేటి, అంకుల్ కన్నా ఎక్కువ చెక్ కర్ రహే హో."

"నేను కింద కూర్చున్న మనిషినమ్మా. అంకులు పైన నిలబడే మనిషి," అన్నాను.

మా ఆయన చెయ్యి కడియం మీద పడింది. ఆయనకి ఢీలా, అదే వదులు, అంటే గిట్టదు. ధర కూడా తక్కువే.

"అంకుల్, మోటార్ కా నాప్ తెచ్చారా?" అని అడిగింది ఆ పిల్ల. "ఈ రింగు ఎనభై తొమ్మిది మిల్లీమీటర్ల దాకానే. దానికన్నా లావైతే దూరదు, ఘుసేగా నహీ. బిగించి గీతలు పడ్డాక వాపస్ తీసుకోను, పహలే బోల్ దియా."

కొలత తెచ్చి చెబుతామని ఇంటికి వచ్చేశాం.

ఇంటికి రాగానే ఆయన షెడ్డు తాళం తీశారు. అదే నాకు సగం పండగ. పక్కింటి కుర్రాడి చేత మోటారు ఊడదీయించి, రెండు వంకర కాళ్లుండే కాలిపర్‌తో దాని లావు పట్టారు. పట్టిన కాలిపర్‌ని స్టీలు స్కేలు మీద ఆనించి కళ్లు చికిలించారు.

"ఎనభై ఎనిమిది. రాసుకో. కడియంలోకి జామ్మని దూరతాది."

నేను నోటుబుక్కులో 88 అని రాశాను. మధ్యాహ్నం ఆయన నిద్రపోయారు. కాలిపర్ విప్పిన కాళ్లతో అలాగే బల్ల మీద ఉంది. ఎనభై ఎనిమిదంటే ఎంత లావో నా కళ్లతో చూడాలనిపించింది. చదువుల గదికి తీసుకెళ్లే డబ్బాలోంచి నా ప్లాస్టిక్ స్కేలు తెచ్చి కాలిపర్ ఆనించాను.

తొంభై వచ్చింది.

తప్పు నాదే అనుకున్నాను. స్కేలు అంచు నుంచి కాదు, సున్నా గీత నుంచి కొలవాలని క్లాసులో నాకు రెండుసార్లు చీవాట్లు పడ్డాయి. మళ్లీ సున్నా దగ్గర పెట్టి కొలిచాను. తొంభయ్యే. ఆయన స్కేలు మీద పెడితే ఎనభై ఎనిమిది. కాలిపర్ కదలలేదు, మోటారు ఉబ్బలేదు. అప్పుడు కాలిపర్ పక్కన పెట్టేసి, రెండు స్కేళ్లనీ సున్నాలు కలిపి పక్కపక్కన పడుకోబెట్టాను. రెండు సెంటీమీటర్ల దగ్గర తేడా కనబడలేదు. పది దగ్గర కొంచెం. నా స్కేలు ముప్ఫై దగ్గర ఆగిపోతే, ఆయన స్కేలు మీది ముప్ఫై దాదాపు పెన్సిలు మందం అవతల ఉంది.

ముప్ఫై ఏళ్ల పైన కొలతలతోనే బతికిన మనిషికి, నిన్న కాక మొన్న అంకెలు నేర్చిన నేను ఎలా చెప్పడం? కానీ ఆ కడియం కొనుక్కొచ్చి మోటారు దూరకపోతే ఆయన మళ్లీ టీవీ ముందే. రెండు స్కేళ్లూ అలాగే ఉంచి, టీ పెట్టి లేపాను.

"ఇదోపాలి సూడండి."

చూశారు. "ప్లాస్టిక్‌ది. ఎండకి సాగిపోయుంటాది."

"సాగితే పెద్దదవాలి గదా? నాదే పొట్టిగుంది."

ఆయన తన స్కేలు తీసుకుని వెలుగులోకి వెళ్లారు. వెనక్కి తిప్పి, గుడ్డని కిరసనాయిలులో ముంచి రుద్దారు. మురికి పోయి సన్నని అక్షరాలు బయటపడ్డాయి. కళ్లద్దాలు పైకెత్తి చాలాసేపు చదివారు.

"ఇది ప్యాటర్న్ షాపు స్కేలే," అన్నారు. "పోత పనిది."

అప్పుడు చెప్పారు. కరిగిన ఉక్కు చల్లారితే కుంచించుకుపోతుందట. అందుకని చెక్క నమూనా ఆ మేరకు పెద్దదిగా చెయ్యాలి. ప్రతిసారీ లెక్క కట్టుకునే పని లేకుండా స్కేలు మీది గీతల్నే కాస్త ఎడంగా వేస్తారు. దాని ముప్ఫై మన ముప్ఫై కన్నా పొడుగు. ప్యాటర్న్ షాపువాళ్ల దగ్గర అదీ ఉంటుంది, మామూలుదీ ఉంటుంది. రిటైరైన రోజు, ఇంక పోత పని లేదు కదా అని, పోత స్కేలనుకుని ఒకటి తోటివాడికి ఇచ్చేసి వచ్చారు. మసకబారిన కళ్లతో ఇచ్చింది మామూలు స్కేలు.

"అయితే ఇన్నాళ్లూ మీరు సేసినవన్నీ దీంతోనేనా?" అన్నాను.

ఇద్దరం ఇంట్లోకి చూశాం. ఒకే స్కేలుతో కొలిచారు కాబట్టి సొరుగులు బీరువాల్లో పట్టాయి, తలుపులు వాటి చట్రాల్లో కూర్చున్నాయి. ఒకదానితో ఒకటి ఏ పేచీ పెట్టలేదు. మేస్త్రీ తన టేపుతో చెప్పిన కొలతకి వంటింటి గూట్లోకి చేసిన అర మాత్రం వేలెడు వెడల్పు ఎక్కువొచ్చింది. ఆ రోజు గోడ కట్టినవాడిని వాడి తాతతో సహా తిట్టి, అంచు చిత్రిక పట్టారు.

"గోడ వంకరన్నారు గదా?"

"వంకరే," అన్నారు. "సల్లారితే ఆ అర సరిపోతాదనుకున్నాను," అని నవ్వేశారు. ఆ నవ్వు విని నెల దాటింది.

మర్నాడు దవడల లిఫ్టు తెచ్చుకున్నాం. స్క్రూలో ఉన్న ఖాళీకి ఆయన దగ్గర మందు ఉంది. ఎత్తు దించాలంటే కావలసిన దానికన్నా కిందికి దించేసి, మళ్లీ పైకి తెస్తూ ఆపాలి. అప్పుడు ఆ ఖాళీ అడ్డురాదు. దాని ప్లేటు కోసం బల్లకి నలుచదరంగా కోత కొయ్యాలి. పెన్సిలు చెవి మీద పెట్టుకుని చెయ్యి చాపారు.

"నీ స్కేలు ఇటియ్యి."

ఇచ్చాను. సున్నా గీత నుంచి కొలవమని గుర్తుచేశాను. గుర్రుగా చూశారు.

నాలుగు దవడలూ సమానంగా బిగించడానికి ఆ సాయంత్రమంతా పట్టింది. ఆఖరికి హ్యాండిల్ నాకిచ్చారు. బల్ల ముందు నిలబడి ప్లేటులోని కన్నంలో పెట్టి తిప్పాను. ముందు ఏమీ లేదు, నల్లటి గుంట. తర్వాత ఆ గుంటలోంచి బిట్టు మొన మెరిసింది. చప్పుడు లేకుండా, విత్తనం మొలకెత్తినట్టు లేస్తోంది. నాలుగేళ్లుగా నేను కింద తిప్పుతుంటే పైన జరిగింది ఇదన్నమాట.

ఆయన నా స్కేలు నిలబెట్టి ఒక కన్ను మూశారు.

"సాలు," అన్నారు.

నేను ఇంకో సగం చుట్టు తిప్పాను, ఎలా వస్తుందో చూద్దామని.

"సాలన్నానా."

"దించుతాలెండి. నువ్వుగింజంతేనా?"