మా చెల్లి వేలితో పడిన ఓటు

2009 ఏప్రిల్ పదహారు, గురువారం, ఉదయం తొమ్మిది గంటలకు మా చెల్లి మొదటిసారి తన ఓటు తనే వేసింది.

మునగపాక దగ్గర మా ఊరి బడిలో పోలింగ్. చెల్లికి పుట్టుకతోనే చూపు లేదు. చిన్నప్పుడు విశాఖలో మిషన్ బడిలో చుక్కల అక్షరాలు వేళ్లతో చదవడం నేర్చుకుంది. నాకు అక్షరం వచ్చింది యాభై దాటాక. ఆమె ఓటు ఎప్పుడూ మా అన్నయ్యే వేసేవాడు. చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్లి, తనకు నచ్చిన గుర్తు మీద నొక్కి, మళ్లీ చెయ్యి పట్టుకుని తెచ్చేవాడు. అది తప్పని ఇంట్లో ఎవరికీ తోచలేదు, ఆమెకు తప్ప. ఈసారి ఓటు మిషన్ మీద బటన్ల పక్కన చుక్కల్లో నంబర్లుంటాయని రేడియోలో విని పట్టు పట్టింది.

బడి గోడకు రెండు జాబితాలు అతికించారు, ఎంపీకొకటి, ఎమ్మెల్యేకొకటి.

"సదువప్పా" అంది నాతో. అక్కనని నన్ను అప్పా అంటుంది.

"నీకెవరు కావాలో సెప్పు, నంబరు సూసి సెప్తాను."

"అన్నీ సదువు. నాకెవరు కావాలో నీకెందుకు?"

వేలు పెట్టి, కూడబలుక్కుని చదివాను. ఒక్క వరస తప్పితే ఆమె ఓటు ఇంకెవరికో పోతుంది. అందుకని మళ్లీ మొదటినుంచి చదివాను.

"మామ్మా, బేగి కానీ! నువ్వు సదివేలోపు ఓట్ల లెక్కింపు అయిపోద్ది" అన్నాడు వెనకనున్నవాడు. వరసంతా నవ్వింది. నవ్వనీ.

లోపల ఆఫీసరు తోడెవరని అడిగాడు.

"నేనేనండి. పెతీసారీ నేనే ఏత్తాను" అన్నాడు అన్నయ్య.

"ఈసారొద్దండి. నంబర్లు నాకు తెలుసు" అంది చెల్లి.

"తప్పు నొక్కితే మళ్లీ ఇవ్వరమ్మా."

"తప్పయినా నాదేనండి."

ఆఫీసరు ఏ మిషన్ ఎటువైపుందో చెప్పి పంపాడు. చెల్లి అట్ట చాటుకెళ్లాక, మొదటి ఓటు పడిన కూత బల్ల మీది పెట్టెలోంచి వినిపించింది. రెండోది ఎంతకీ రాలేదు. అన్నయ్య ఆగలేకపోయాడు.

"ఏటే, దొరకనేదా? ఉండు, నానొత్తన్నాను."

"రాకు అన్నయ్యా!"

ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. అన్నయ్య ఉన్నచోటే ఆగిపోయాడు. రెండో కూత వచ్చింది.

బయటికొచ్చాక అడిగాడు. "ఒలే, ఎవరికేసేవే?"

"సెప్పను."

"నాక్కూడానా?"

"నీక్కూడా."

ఇల్లు చేరేదాకా ఆయన మాకంటే ముందే నడిచాడు. కోపమొచ్చింది. వస్తే రానీ.

ఆ ఓటు ఎవరికి పడిందో ఈ రోజుకీ నాకు తెలియదు. అడగను కూడా. పడిందనడానికి మాత్రం ఆ గదిలో ఉన్న మేమందరం సాక్షులం: ఆఫీసరు, వేలికి సిరా పూసిన టీచరమ్మ, గోడవార కూర్చున్న ఇద్దరు ఏజెంట్లు, గుమ్మంలో పోలీసు, మా అన్నయ్య, నేను, మా చెల్లి.