పిన్ను మీద వేలు

గోసాని నువాగాం పేటలో ఉండే కార్ల మేస్త్రీ ఏ బండి బాగుచేసినా డ్రైవరును కిందికి పిలిచి, బిగించిన పిన్ను మీద వేలు పెట్టించేవాడు. "సెయ్యెట్టి సూడు, నన్ను నమ్మకు" అనేవాడు. ఆ అలవాటు నా గొడవతోనే మొదలైంది.

రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన కొత్తలో, నేను డ్రైవరుగా పనిచేసే షావుకారు క్లచ్ లేని, గేర్లు తనంతట తనే మార్చుకునే అమెరికా కారు కొన్నాడు. ఓ ఉదయం ఇంజను తిరుగుతోంది గాని ఏ గేరూ పడలేదు. గేరుపెట్టె పాడుచేశానని షావుకారు నన్ను పనిలోంచి పొమ్మన్నాడు.

మేస్త్రీ వచ్చి గేరునూనె వాసన చూశాడు. మాడలేదు. కారు కిందికి దూరి, నన్ను గేరురాడ్డు కదపమన్నాడు. పైన రాడ్డు కదిలింది, కింద దాన్ని గేరుపెట్టెకు కలిపే కడ్డీ కదల్లేదు.

"పెట్టి బాగుంది బాబూ. మొన్న బండి బాగుసేసినప్పుడు నాను కడ్డీకి పిన్ను ఎయ్యడం మర్సిపోనాను, కడ్డీ ఊడిపోనాది. డ్రైవరు తప్పేటీ నేదు."

షావుకారు నన్ను పనిలో ఉంచుకున్నాడు. మేస్త్రీని మాత్రం మళ్లీ గేటు లోపలికి రానివ్వలేదు.