మెట్ల పైన చెప్పులు

నా చిన్నప్పుడు మా ఊరి దిగుడుబావిలోకి చెప్పులతో దిగిన మనిషిని నేను చూడలేదు. పై మెట్టు దగ్గర చెప్పులు విడవాలి, వంగి మెట్టును తాకి కళ్ళకద్దుకోవాలి, ఆ తర్వాతే కడవ ముంచడం. ఆ నీళ్ళు గంగమ్మ అని మాకెవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. నడక వచ్చినప్పుడే అదీ వచ్చేసేది. ముదిగుబ్బ వైపు మా పల్లె. డెబ్బైల్లో ఒక ఏడు వానలు మొహం చాటేశాయి. వేసిన శనక్కాయ విత్తనం మట్టిలోనే మాడిపోయింది. ఊళ్ళో బావులన్నీ ఎండిపోయి ఆ ఒక్కదాని అడుగునే కాసిని నీళ్ళు మిగిలాయి.

ఆ నీళ్ళలోనే మా నాయన శవం తేలింది.

నాయన గొర్రెలు కాసేవాడు. ఆ పొద్దు మందను తోలుకుపోయిన మనిషి సాయంత్రానికి రాలేదు. మంద మాత్రం తనంతట తానే వచ్చి మా వాకిట్లో నిలబడింది. మర్నాడు నీళ్ళకు పోయిన ఆడవాళ్ళు కేకలు పెట్టారు. టౌను నుంచి పోలీసులు వచ్చి, మా ఊరి పెద్దమనిషి చెప్పింది విని, తాగి మెట్లు దిగుతూ కాలుజారి పడ్డాడని తేల్చేశారు. నాయన తూలుతూ మెట్లు దిగడం తన కళ్ళతో చూశానన్నాడు ఆ మహానుభావుడు. తాగాడట! కల్లు వాసనకే కడుపులో తిప్పుకునే మనిషి మా నాయన. ఊళ్ళో ఆ సంగతి తెలియనివాడు లేడు, అయినా ఒక్కడూ నోరు మెదపలేదు. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

మా అవ్వ, అంటే నాయన తల్లి, ఏడవలేదు. శవాన్ని పైకి తెచ్చి పడుకోబెట్టినప్పుడు ఆమె కొడుకు మొహం కంటే ముందు కాళ్ళు చూసింది. మడమ వెనక వారుతో బిగించుకునే తోలుచెప్పులు రెండూ కాళ్ళకే ఉన్నాయి. ఆ వార్లు తనే విప్పి, చెప్పులను కొంగులో చుట్టుకుంది. పోయినవాళ్ళ చెప్పులు దినాల నాడు ఎవరికైనా ఇచ్చేయడం మా వాళ్ళ అలవాటు. ఇచ్చేయమని చుట్టాలు పోరు పెట్టారు.

"నా కొడుకు యెట్ల సచ్చినాడో తెలిసేదాకా ఇయి ఈ ఇల్లు దాటవు" అంది అవ్వ.

అన్నది కానీ, వాటిని మూటగట్టుకుని టౌను స్టేషనుకు కాళ్ళరిగేలా తిరిగింది తనే. మూట విప్పితే లోపలున్న చెప్పులు చూసి అక్కడివాళ్ళు నవ్వేవాళ్ళట. ఇంట్లో అమ్మ సంగతి ఇంకా ఘోరం. అన్నం కలుపుతూ కలుపుతూ చెయ్యి ఆపేసి, నా మొహంలోకి చూసి "తాగింటాడా మే? నాకు తెలీకుండా తాగింటాడా?" అని అడిగేది. చిన్నపిల్లను, నేనేం చెప్పను? మొగుడి కోసం కడుపారా ఏడ్చే దారి కూడా లేకుండా చేశారు ఆమెకు. నమ్మాలో వద్దో తెలియని మనిషి ఏమని ఏడుస్తుంది? నేను బడి మానేసి అమ్మను కాచుకుని కూర్చునేదాన్ని. ఆమె కూడా ఆ బావి వైపు పోతుందేమోనని నా భయం.

కొన్ని నెలలకు టౌనుకు కొత్త ఇన్స్పెక్టరు వచ్చాడు. అవ్వ ఆయన జీపుకు అడ్డం పడిందో, కాళ్ళే పట్టుకుందో నాకు తెలియదు కానీ ఒక పొద్దున ఆయన మా ఊరికొచ్చాడు. ఊరంతా పోగైంది. పెద్దమనిషి ఆయనకు కుర్చీ వేయించి పక్కనే నిలబడ్డాడు. ఇక అవ్వ తన గోడంతా ఏకరువు పెడుతుందని అందరూ అనుకున్నారు. ఆమె చెప్పుల మాటే ఎత్తలేదు.

"ఎండన పడి వచ్చినావు సామీ. నా కొడుకు పడిన తావు సూడు. అందరూ రాండప్పా, అడుగు దాకా దిగి సారుకు సూపిద్దాం" అంది.

నా చెవిలో మాత్రం, పోయి మామను పిల్చుకురమ్మంది. మామంటే అమ్మకు వరసకు అన్న. పొద్దు పొడిచేసరికే సారా తాగి కళ్ళు తేలేసే మనిషి. నాయన పరువు తాగుడులో కొట్టుకుపోతుంటే ఇప్పుడు ఆ తాగుబోతు ఎందుకు, ఈ ముసలిదానికి మతి పోయిందా అని తిట్టుకుంటూనే పరిగెత్తాను.

నేను మామను నడిపించుకుని వచ్చేసరికి జనం బావిలోకి దిగుతున్నారు. ఎప్పటిలాగే, మాటల్లో ఉండగానే, ఎవరి చెప్పులు వాళ్ళు పై మెట్టు దగ్గర విడుస్తున్నారు. పెద్దమనిషి తన కిర్రుచెప్పులు విడిచి దిగాడు. ఇన్స్పెక్టరుదీ ఈ సీమే అయ్యుండాలి, ఆయనా వంగి బూటు లేసు మీద చెయ్యి వేశాడు. అప్పుడు అవ్వ మూట విప్పి, నాయన చెప్పులను తీసి ఆ వరుస చివర పెట్టింది.

"ఇంతమంది దిగినారు, ఇన్ని జతలు పైన ఉండాయి. నా కొడుకు ఒక్కడే యాల కాళ్ళకు కట్టుకోని దిగినాడు సామీ?"

ఆయన చెయ్యి లేసు మీదే ఆగిపోయింది. కింద మెట్టు మీదున్న పెద్దమనిషి తలెత్తి, "తాగినోనికి చెప్పులు గుర్తుంటాయా సార్?" అన్నాడు. అవ్వ మామ వైపు చూసింది. మామకు ఇవేమీ పట్టలేదు. అందరూ దిగుతున్నారు కాబట్టి తనూ తూలుకుంటూ మెట్ల దాకా వచ్చి ఆగాడు. ఒక కాలు ఎత్తి, పడబోయి, నా భుజం పట్టుకుని ఒక చెప్పు విడిచాడు. రెండోది ఎంతకీ రాక దాన్ని బండబూతులు తిట్టి మరీ విడిచాడు. వంగి మెట్టును కళ్ళకద్దుకుని దిగాడు.

ఒక్కరూ నవ్వలేదు. అమ్మ మాత్రం అక్కడే కూలబడి, నాయన పోయాక మొదటిసారి గుండెలు బాదుకుని ఏడ్చింది. ఆమె అలా ఏడుస్తుంటే నాకు పోయిన ప్రాణం తిరిగొచ్చినట్టయింది.

ఇన్స్పెక్టరు ఆ రోజే కాలుజారిన మాట కొట్టేయించి, ఎవరో చంపారని రాయించాడు. పెద్దమనిషిని పిలిపించి గట్టిగా అడిగితే, మసక చీకట్లో ఎవరో దిగుతుంటే నాయనే అనుకున్నానని మాట మార్చాడు. దిగింది ఎవరో చెప్పలేదు. ఇక అంతే. ఇన్స్పెక్టరుకు బదిలీ అయింది, తర్వాత వచ్చినవాళ్ళు చెవిన వేసుకోలేదు. అవ్వ నడవగలిగినన్నాళ్ళు స్టేషనుకు తిరుగుతూనే ఉంది.

ఒకసారి ఆమె నాయన చెప్పులకు ఆముదం రాస్తుంటే అడిగాను, చంపినవాడు చెప్పులు విప్పకుండా అంత పొరపాటు ఎలా చేశాడని. ఆమె చెయ్యి ఆపకుండానే చెప్పింది.

"వాడూ ఈ ఊరోడే మే. తన చెప్పులు పైన ఇడిసే మీ నాయన్ని మోసుకోని దిగింటాడు. మీ నాయనయి ఇప్పాలని వానికి తట్టలేదు."

వాడెవడో తెలియకుండానే అవ్వ పోయింది, అమ్మా పోయింది. బావి పూడిపోయింది. ఆ చెప్పులు ఇప్పుడు నా దగ్గరున్నాయి, ఆముదం నేను రాస్తున్నాను. నోరు మూసుకున్న ఊరినైనా అడగడం మానకూడదని అవ్వ నేర్పింది కాబట్టి, ఆనాటి ముసలివాళ్ళు ఎవరు కనిపించినా ఇంకా అడుగుతూనే ఉన్నాను. తెలీదనే అంటారు. ఆ రోజు ఊరంతా వచ్చింది కదా. మెట్ల పైన ఆ వరుసలో, మా నాయన చెప్పుల పక్కనే, వాడి జత కూడా ఉండే ఉంటుంది. అందుకే మా ఊళ్ళో ఎవరు ఎదురైనా నేను ముందు కాళ్ళు చూస్తాను, తర్వాతే మొహం.