పాలిష్ డ్రమ్ములో నెత్తురు చప్పుడు

మొన్న మాఘ అమావాస్య, మంగళవారం, రాత్రి పదకొండు గంటలు. నమ్మితే కూర్చోండి, నమ్మకుంటే లేచిపోండి. నా చెవులతో విన్నదే చెబుతున్నాను.

ఆ పొద్దున మనుమని భార్య లావణ్యను ఆర్మూరులో స్కానింగ్‌కు తీసుకుపోయాం. ఎనిమిదో నెల. కడుపు పెరగడం లేదు. డాక్టరమ్మ కడుపు మీద జిగురు రాసి యంత్రం ఆనించింది. ఉష్... ఉష్... నా కోడలు రాజవ్వ మురిసిపోయింది, గుండె గట్టిగా కొట్టుకుంటోందని. డాక్టరమ్మ నవ్వలేదు. అది బొడ్డుతాడులో నెత్తురు పారే చప్పుడట. రెండు దెబ్బల నడుమ కూడా పారుతూనే ఉండాలట. ఇక్కడ ఆగిపోతోందట. మళ్లీ వినిపించింది. ఉష్... ఏమీ లేదు... ఉష్...

"నెత్తురు వెనక్కి మళ్లిందంటే బిడ్డ ప్రాణానికే ప్రమాదం. ఇయ్యాలనే నిజామాబాద్ పెద్ద దవాఖానకు పోండ్రి."

పోయామా? లేదు. ఆర్మూరంటే పక్కనే గానీ, అమావాస్య నాడు కడుపుతో ఉన్నదాన్ని అంత దూరం తీసుకుపోవద్దని రాజవ్వ. దానికి తలూపింది నా కొడుకు గంగారాం. మస్కట్‌లో ఉన్న మనుమడు కూడా ఫోన్లో అమ్మ మాటే వినమన్నాడు. మండదా? నేను అరిస్తే ముసలిదానికి చాదస్తమన్నారు. చాదస్తం ఎవరిది?

రాత్రి వాకిట్లో పసుపు కుప్ప పక్కన, కావలికి మంచం వేసుకున్నాను. గాలి లేదు. కుప్ప మీద కప్పిన తాడిపత్రి పట్టా కూడా కదలడం లేదు. కోపంతో నిద్ర రాలేదు. అప్పుడు...

ఉష్...

కుక్క అనుకున్నాను. కాదు. ఉష్... నడుమ ఏమీ లేదు... ఉష్... పసుపు కొమ్ములను తిప్పి పాలిష్ పట్టే ఇనుప డ్రమ్ములోంచి. లేచి చెయ్యి పెట్టాను. చల్లగా ఉంది. కదలడం లేదు. చెవి ఆనించాను. లోపల పారుతోంది... ఆగుతోంది... పారుతోంది... ఆ ఆగడం ప్రతిసారీ పొడుగవుతోంది. ఆఖరికి చప్పుడే మారింది. లోపలినుంచి ఎవరో నోటితో గుంజుకున్నట్టు...

వెనక్కి.

ఎట్లాగో ఇంట్లో పడ్డాను. లావణ్య చీకట్లో కడుపు పట్టుకుని కూర్చుంది.

"అవ్వా... గా చప్పుడు నీగ్గూడ వినబడ్డదా?"

ఇక ఎవరినీ అడగలేదు. పెర్కిట్ నుంచి అన్వర్ ఆటోను పిలిపించాను. రాజవ్వ గడపకు అడ్డం నిలబడింది.

"అత్తమ్మా, అమావాస్య ఎల్లనియ్యి. జర ఆగు."

"లోపల నెత్తురే ఆగుతుంటే నన్ను ఆగమంటవానే? జరుగు."

నిజామాబాద్‌లో మళ్లీ అదే పరీక్ష. నెత్తురు వెనక్కి మళ్లుతోందని అప్పటికప్పుడే ఆపరేషన్ చేశారు. ఆడపిల్ల. పిడికెడంత. అద్దాల పెట్టెలో ఉంది, కానీ బతికింది.

తెల్లారి గంగారాం డ్రమ్ము తెరిచి చూశాడు. నాలుగు కొమ్ములు, ఇంత దుమ్ము. రాజవ్వ ఇప్పుడు అది అమావాస్య దయ్యమని వాడకట్టంతా చెబుతోంది. ఏమో, నాకు తెలియదు. దయ్యమే అయితే, దానికున్న బుద్ధి మా ఇంట్లోవాళ్లకు లేదు.

ఆ రాత్రి అక్కడ ఉన్నది గురక పెడుతున్న గంగారాం, రాజవ్వ, లావణ్య, లింబవ్వనైన నేను, తర్వాత వచ్చిన అన్వర్. లావణ్య కడుపులో ఇంకో మనిషి. ఆ పిల్లకింకా పేరు పెట్టలేదు.