ఫోన్ ఎవరి జేబులో ఉంటుంది

ఆ ఆసుపత్రి నర్సుకు ముక్కు మీదే కోపం. వారానికోసారి గర్భిణుల్ని వరండాలో కూర్చోబెట్టి, ఫోన్లో యాప్ వాడటం నేర్పేది. కడుపులో బిడ్డ కదిలినప్పుడల్లా తెర మీది పాదం గుర్తు నొక్కాలి. అందరూ బుద్ధిగా తలలూపేవాళ్లు.

ఒకసారి కుట్టుపని చేసే అమ్మాయి ఫోన్ చూసి నర్సు గుండె జారిపోయింది. పగలు ఒక్క కదలికా లేదు. గబగబా పడుకోబెట్టి పరీక్షిస్తే, బిడ్డ గుండె నిక్షేపంగా గుర్రంలా దౌడు తీస్తోంది.

"మరి పగలు ఎందుకు నొక్కలేదమ్మా?"

"ఇంట్లో ఉన్నది ఒక్కటే ఫోన్, సిస్టర్. ఆయన పనికి తీసుకెళ్తాడు. సాయంత్రం గానీ నా చేతికి రాదు."

ఇన్నాళ్లూ వేలు ఎక్కడ పెట్టాలో నేర్పింది గానీ, ఈ సంగతి అడగనే లేదు. "నా తెలివి తెల్లారినట్టే ఉంది" అని నర్సు తనను తానే తిట్టుకుంది. మరుసటి వారం మొగుళ్లనూ తీసుకురమ్మంది.

ఆ అమ్మాయి భర్త గోడలకు రంగులేస్తాడు. "ఫోన్ లేకపోతే నా పనెలా నడుస్తుంది సిస్టర్?" అని గొణిగాడు. నర్సు అతని చెయ్యి భార్య కడుపు మీద పెట్టించింది. లోపలి నుంచి ఒక్క తన్ను తగిలింది. అతను ఉలిక్కిపడి, తనే పాదం గుర్తు నొక్కాడు.

మర్నాడు మధ్యాహ్నం నర్సుకు కొత్త నంబరు నుంచి ఫోన్ వచ్చింది.

"సిస్టర్, రంగులేసేవాణ్ణి. మేస్త్రీ ఫోన్ అడుక్కుని చేస్తున్నా. నాది ఇంట్లోనే వదిలేశా. ఎన్నిసార్లు చేసినా మా ఆవిడ ఎత్తట్లేదు, భయమేస్తోంది."

"లెక్కపెట్టుకుంటోందేమోనయ్యా, మధ్యలో నీ గోలేంటి? కాసేపు ఆగు."